ముక్కుగారి వసంత విహారం

ఆ ఆదివారం పొద్దున్న ముక్కుగారు కాఫీ గ్లాసు మీద ముక్కు పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. లాభం లేదు. జలుబైతే తగ్గింది గానీ, పోతూ పోతూ వాసన తెలిసే గుణాన్ని కూడా వెంటబెట్టుకుపోయింది. ఇంకొకరికైతే ఇదేమంత పెద్ద కష్టం కాదు. ఈయన ఉద్యోగమే వాసన చూడటం. పనిచేసే సబ్బుల ఫ్యాక్టరీలోంచి ఏ సబ్బు బయటికి వెళ్లాలన్నా ముందు ఈయన ముక్కు ఒప్పుకోవాలి. అందుకే అసలు పేరు జనం మర్చిపోయి, ముక్కుగారు అనే పిలుపే ఖాయమైపోయింది.

సరిగ్గా ఆ రోజే ఆఫీసు వాళ్లంతా కుటుంబాలతో వెళ్లే విహారయాత్ర. వసంతం వచ్చింది గనక పూలతోట చూసి, సముద్రం ఒడ్డున భోంచేసి, కాస్త వైన్ పుచ్చుకుని, బండల మీద ఎండ కాచుకునే సముద్ర సింహాల్ని చూసి రావాలని యజమానిగారి ముచ్చట. అంతటితో ఆగితే బాగుండేది. కొత్త సబ్బుకి పరిమళం కూడా అక్కడే ఎంచుకుందామని, ముక్కుగారు ఎలాగూ పక్కనే ఉంటారని కూడా సెలవిచ్చారు.

"ఒంట్లో బాగాలేదని చెప్పి పడుకోండి," అంది భార్య.

"రంగులు చూసే ఆయన కళ్లజోడు పెట్టుకొచ్చాడు, నెల తిరక్కుండా గోడౌన్‌లో తేలాడు. ముక్కే పోయిందంటే నన్నెక్కడికి తోస్తారో."

"అయితే నన్ను చూస్తూ ఉండండి. మంచి వాసనైతే చెవి కమ్మ పట్టుకుంటా. చెడ్డదైతే దగ్గుతా. అర్థమైందా?"

"అర్థమైంది."

"ఇన్నేళ్లూ ఆ ముక్కుతో నన్ను వేపుకు తిన్నారు. ఇంకో కంపెనీ సబ్బు కొందామంటే గుమ్మంలోనే పసిగట్టేస్తారు. ఇవాళ దాన్ని నేనే కాపాడాల్సొచ్చింది," అని ఆవిడ కమ్మలు పెట్టుకుంది.

పూలతోట కళ్లు చెదిరేలా ఉంది. కనుచూపు మేర ఎరుపు, పసుపు, ఊదా. బస్సు దిగిన వాళ్లంతా కళ్లు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చుకుంటున్నారు. అకౌంటెంట్ అయితే రెండుసార్లు "ఆహా" అన్నాడు.

"ముక్కుగారూ, ఎలా ఉందంటారు?" అన్నారు యజమాని.

ముక్కుగారు భార్య వైపు చూశారు. ఆవిడ చెయ్యి కమ్మ వైపు లేవబోయింది. ఈలోగా గాలి వీచి పుప్పొడి గొంతులో పడింది. పాపం దగ్గింది. మళ్లీ దగ్గింది. కళ్లల్లో నీళ్లు తిరిగి, పక్కావిడ వీపు నిమిరేదాకా దగ్గుతూనే ఉంది. ఇంత దగ్గు దగ్గిందంటే ఇక్కడ ఏనుగేదో చచ్చి ఉంటుందనుకున్నారు ముక్కుగారు.

"పైకి అందంగానే ఉంది సార్. అడుగున ఏదో కుళ్లుతోంది."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అకౌంటెంట్ జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "నాకు దిగినప్పట్నించీ అనుమానమే సార్," అన్నాడు. సేల్స్ మేనేజర్ భార్య తలలో పెట్టుకున్న పువ్వు తీసి అవతల పారేసింది. తోటమాలి ఇదంతా వింటూ నీళ్ల గొట్టం వీళ్ల వైపు తిప్పాడు. ఇక అక్కణ్ణించి కదలక తప్పలేదు.

బస్సు సముద్రం ఒడ్డున పచ్చిక గట్టు దగ్గర ఆగింది. కింద బండల మీద సముద్ర సింహాలు బస్తాల్లా పడి ఉన్నాయి. డ్రైవర్ తలుపు తీసి, ఒక్క క్షణం ఆలోచించి, మళ్లీ వేసేశాడు.

"భోజనాలకి చోటు మీరే చూడండి ముక్కుగారూ," అన్నారు యజమాని.

ముక్కుగారు దిగి భార్య కోసం వెతికారు. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గాలికి జారిపోకుండా చెవి దగ్గర గట్టిగా పట్టుకుని నిలబడింది. దగ్గు లేదు. చెయ్యి చెవి మీదే ఉంది. అంత గట్టిగా పట్టుకుందంటే ఇక్కడి గాలి అమృతమే అయ్యుండాలని ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"ఇక్కడ సార్. సరిగ్గా ఇక్కడే దుప్పట్లు పరిపించండి."

పరిచారు. వేయించిన చేపలు, రొట్టె, జున్ను, ద్రాక్షపళ్లు వడ్డించారు. ఎవరూ ముట్టుకోలేదు. ముక్కుగారు మాత్రం వైన్ గ్లాసుని సుతారంగా తిప్పి, "ఎండలో పండిన ద్రాక్ష, వెనకాల సన్నగా తేనె," అన్నారు. సీసా మీద అలాగే రాసుంది.

"నాకు గులాబీలు కూడా తగులుతున్నాయి సార్," అన్నాడు అకౌంటెంట్, ఊపిరి బిగబట్టి.

యజమాని లేచి నిలబడ్డారు. "అయితే కొత్త సబ్బుకి ఇదే పరిమళం. ఈ గాలి ఉన్నదున్నట్టు సబ్బులోకి దిగాలి. రేపే పని మొదలుపెట్టండి ముక్కుగారూ."

అందరూ చప్పట్లు కొట్టారు. ముక్కుల మీంచి చేతులు తీయాల్సొచ్చింది గనక క్లుప్తంగా కొట్టారు.

భార్య మెల్లగా ఆయన పక్కకి జరిగింది. "ఏమండీ, ఇక్కడ కంపు."

"కమ్మ పట్టుకున్నావుగా?"

"కొంగు పట్టుకున్నా."

"మరి తోటలో దగ్గావుగా?"

"పుప్పొడండీ. తోట గుమగుమలాడిపోయింది."

ఆ కంపుని సబ్బు చేసి అమ్మితే ఫ్యాక్టరీ మూతబడుతుంది. వద్దంటే ముక్కు సంగతి బయటపడి ఉద్యోగం పోతుంది. ముక్కుగారు చేప ముక్క ఉన్న పళ్లెం చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. చుట్టుపక్కల వాళ్లంతా లేచి పరిగెడుతున్నారని కూడా గమనించలేదు. వెనక ఎవరో నిట్టూర్చినట్టనిపించి తిరిగి చూస్తే, మీసాల సముద్ర సింహం ఒకటి గట్టెక్కి వచ్చి, ఆయన మొహానికి జానెడు దూరంలో నోరు తెరిచి ఆవలించింది.

ఆ ఆవలింత మొత్తం ముక్కుగారి ముక్కులోకే పోయింది. లోపల ఏదో ఫట్టుమని తెరుచుకుంది. తిరిగొచ్చిన ముక్కు మొదటగా వాసన చూసింది దాన్నే.

"కంపు," అన్నారు ముక్కుగారు కళ్లనీళ్లతో. "సార్, ఇది సబ్బుకి కాదు, దేనికీ పనికిరాదు. మిమ్మల్నిక్కడ కూర్చోబెట్టినందుకు నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి, ఈ సబ్బు మాత్రం చెయ్యొద్దు."

సముద్ర సింహం చేప తీసుకుని వెళ్లిపోయింది. "నేను మొదట్నించీ అంటూనే ఉన్నాను," అన్నాడు అకౌంటెంట్ దూరం నించి.

యజమాని ముక్కుగార్ని పక్కకి తీసుకెళ్లారు. "ముక్కు తిరిగొచ్చినట్టుంది."

"మీకు తెలుసా సార్?"

"తోటలోనే తెలిసింది. అందరూ కళ్లు మూసుకుని పీలుస్తుంటే మీరు కుళ్లన్నారు. ఇక్కడ అందరూ ముక్కులు మూసుకుంటే మీరు నవ్వుతూ కూర్చున్నారు."

"మరి కంపు మీకూ తెలుస్తూనే ఉంది కదా. ఎలా ఓర్చుకున్నారు సార్?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "నా ముక్కు పోయి చాలా ఏళ్లయిందండీ. మిమ్మల్ని పెట్టుకున్నదే అందుకు. మీరు వాసన చూస్తారు, నేను మొహాలు చూస్తాను. ఆ సబ్బు వద్దని ఒక్కరైనా అంటారేమోనని చూశాను. చివరికి మీరే అన్నారు."

"మరి రంగులాయన..."

"గోడౌన్‌లో నిద్ర బాగా పడుతుందని ఆయనే అడిగి వెళ్లాడు. రేపు టైముకి రండి. ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి."

సాయంత్రం ముక్కుగారు గాల్లో తేలుతూ ఇల్లు చేరారు. గుమ్మం దగ్గర చెప్పుల తోలు వాసన, వంటింట్లో పొద్దుటి కాఫీ వాసన, అన్నీ పేరుపేరునా పలకరించాయి. ఆనందం పట్టలేక పాటందుకుని స్నానాలగది తలుపు తీశారు. పాట ఆగిపోయింది. సబ్బుపెట్టెలోంచి, వాళ్ల ఫ్యాక్టరీ ఏనాడూ చెయ్యని నిమ్మపువ్వు వాసన కమ్మగా వస్తోంది.

"ఏమోయ్, ఇదెవరి సబ్బు?"

వంటింట్లోంచి చిన్న దగ్గు మాత్రం వినిపించింది.