తోడుబండి

మంచు కొండల మీద జారుడాటలకు వెళ్ళే విదేశీయుల ప్రయాణ కష్టాలను తిరువూరులో తీర్చాలని ఆ మే నెలలో నిర్ణయమైంది. బాధ్యత విశ్వతేజ మీద పడింది. ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసే విశ్వతేజ అప్పటికి మంచును ఫ్రిజ్జులో తప్ప చూసి ఎరగడు. తోటి ఉద్యోగులు ఫ్రిజ్జులో కూడా అంత శ్రద్ధగా చూసినవాళ్ళు కారు కనుక అతన్నే నిపుణుడిగా గుర్తించారు.

ఒకే దారిన పోయే నలుగురు నాలుగు కార్లు తీయకుండా ఒకే కారులో సర్దుకునేలా చేసే యాప్ ఆ కంపెనీది. అందులో ఇప్పుడు మంచు ఆటగాళ్ళకు ప్రత్యేక ఏర్పాటు కావాలి. జారుడు చెక్కలు ఎంత పొడుగు, బూట్లు తడిగా ఉన్నాయా అని అడిగి తగిన కారు చూపించాలి. విశ్వతేజ అన్నీ అమర్చాడు. తడి బూట్ల దగ్గర, తల్లి సరోజినీదేవి సలహా మీద, ‘గుమ్మం బయటే విప్పవలెను’ అని కూడా చేర్చాడు.

ఇక మిగిలింది ప్రయోగం. మేనేజరు ఆసిమా వీడియో కాల్‌లో ఆ సంగతి సెలవిచ్చింది.

“మీ ఊళ్ళోనే చేసెయ్యండి తేజా. వాతావరణం ముఖ్యం కాదు, స్ఫూర్తి ముఖ్యం. పొడుగాటి సామానుతో ఒక్కరు ఇంకొకరి కారులో విజయవాడ దాకా వెళ్తే చాలు. శుక్రవారం లోపల అవ్వకపోతే మాత్రం మీ ఉద్యోగం పర్మినెంటు చెయ్యడం నా చేతుల్లో ఉండదు.”

తిరువూరు ఔదార్యాన్ని ఎంత పొగిడినా తక్కువే. కబురు తెలిసిన సాయంత్రానికే కారున్న ప్రతి పెద్దమనిషీ యాప్‌లో చేరి, నా కారులో రండంటే నా కారులో రండని సీట్లు ప్రకటించాడు. విశ్వతేజ తండ్రి వెంకటప్పయ్య అందరికన్నా ముందు ప్రకటించాడు. ఎక్కుతామన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆ ఊళ్ళో కారు కొనేది నలుగురినీ ఎక్కించుకోవడానికి, తాము ఇంకొకరి కారు ఎక్కకుండా ఉండడానికి. బస్సెక్కితే తప్పు లేదు, బస్సు ఎదురింటివాడిది కాదు.

గురువారం దాకా చూసి, విశ్వతేజ తానే ప్రయాణికుడిగా మారాడు. ఎదురింటి విత్తనాల వ్యాపారి నవీన్ కుమార్ ఎంతో సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ సంతోషంలో వీధి వీధంతా చెప్పుకొచ్చాడు.

“మన కారు వాకిట్లో పెట్టుకుని వాడి కారెక్కుతావా?” అన్నాడు వెంకటప్పయ్య. “నేను ఊళ్ళో తలెత్తుకు తిరగాలా, వద్దా?”

“ఉద్యోగం పోతుంది నాన్నా. మావాడు మంచు దేశాల వ్యవహారాలు చూస్తున్నాడని పంచాయితీల్లో కూడా చెప్పుకున్నారు. రేపటినుంచి ఏం చూస్తున్నాడని చెప్తారు?”

వెంకటప్పయ్య ఇరకాటంలో పడ్డాడు. ఇటు చూస్తే ఒక పరువు, అటు చూస్తే ఇంకో పరువు.

ఈలోగా పరామర్శలు మొదలయ్యాయి. పక్కింటి సీతారావమ్మ పులిహోర గిన్నెతో వచ్చింది.

“ధైర్యంగా ఉండండి వదినా. కారు అమ్మేశారటగా?”

సరోజినీదేవి వాకిట్లో మెరుస్తున్న కారు చూపించింది. సీతారావమ్మ దాన్ని జాలిగా చూసి, “ఇంకా వచ్చి పట్టుకుపోలేదన్నమాట,” అంది.

ఆ తరవాత మామిడికాయల వ్యాపారి హుమాయున్ వచ్చాడు. మర్యాదస్తుడు కనుక గొంతు తగ్గించి అడిగాడు. “మీ మామిడితోట ఇచ్చేసే ఆలోచన ఉంటే ముందు నాకు చెప్పండి వెంకటప్పయ్య గారూ. బయటివాళ్ళకెందుకండీ?”

వెంకటప్పయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

శుక్రవారం ఉదయం విశ్వతేజ స్వెట్టరూ మంకీ టోపీతో, నిప్పులు చెరిగే ఎండలో, నవీన్ కుమార్ కారెక్కాడు. జారుడు చెక్కలకు బదులు తోటలో మామిడికాయలు కోసే చిక్కం గెడలు కారు పైన కట్టారు. ఏసీ ఆఖరి మెట్టుకు తిప్పారు. వీధిలో జనం చూస్తుండగా శీతాకాలం విజయవాడ వైపు కదిలింది.

ఊరు దాటాక విశ్వతేజ అద్దంలో చూశాడు. వెనకాల తమ కారు. లోపల వెంకటప్పయ్య ఒక్కడే. కారు అమ్మేయలేదని అందరికీ తెలియాలని అద్దాలు నాలుగూ దించి, సెంటరు సెంటరుకీ హారను కొడుతూ వస్తున్నాడు. మైలవరంలో వీళ్ళు టీకి ఆగితే ఆయనా పక్క కొట్టు దగ్గర ఆగాడు. “ముందు కారులో ఉన్నది మావాడేనండి. మాకు కారుంది. ఇదిగో, ఇదే,” అని టీ కాచేవాడికి చెప్పాడు. ముఖమంతా దుమ్ము. విశ్వతేజకు కోపం రావలసింది, జాలేసింది. దిగి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుందామనిపించింది. కూర్చుంటే ప్రయోగం రద్దవుతుంది కనుక కూర్చోలేదు.

మర్నాడు ఆసిమా ఫోన్ చేసింది. సీట్లు ప్రకటించిన వెంకటప్పయ్య ఫోను కూడా యాప్‌లో దారి పొడుగునా కనిపించిందట. ఇక నా పని అయిపోయిందనుకున్నాడు విశ్వతేజ.

“వెనకాల ఖాళీ బండి! అద్భుతం తేజా. మంచులో ముందు బండి కూరుకుపోతే ఆదుకోవడానికి తోడుబండి. మంచు దేశపు క్లయింటు ఎగిరి గంతేశాడు. మీరు పర్మినెంటు.”

ఇప్పుడు ఎక్కడో మంచు కొండల్లో నలుగురు కలిసి ఎక్కిన ప్రతి కారు వెనకాలా ఒక ఖాళీ కారు నడుస్తోంది. ఊళ్ళో సన్మానం జరిగింది. “ఇంధనం పొదుపు చేయడంలో మా కుటుంబం ఎప్పుడూ ముందే ఉంటుంది,” అని వెంకటప్పయ్య ఉపన్యసించాడు. ఆ రోజు ఆయన వెనక ఉన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

అప్పటినుంచి తిరువూరులో ఇంకొకరి కారెక్కడానికి జంకే పెద్దమనిషి లేడు. తన కారును డ్రైవరు వెనకే తెస్తుంటే జంకెందుకు? కనుక విజయవాడ రోడ్డు మీద కిక్కిరిసిన కారొకటీ, దాని వెనక ఖాళీ కార్లు వరసగానూ కనబడితే విసుక్కోకుండా పక్కకు తప్పుకోండి. ట్రాఫిక్కు తగ్గించే కార్యక్రమం జరుగుతోంది. మీరు కూడా, ఎలాగూ ఒక్కరే కదా వస్తున్నారు, వరసలో చేరిపోండి.