బాణం చూపిన గోడ

ఆ రోజు ఉదయం అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది గంటల బస్సెక్కి కొండ మీద బస్సు తిరిగే చోట దిగాలి. పర్యాటక శాఖ కొత్తగా నాటించిన బోర్డు నిటారుగా ఉందో లేదో చూడాలి. అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు నడిచి, జలపాతం దగ్గర కట్టిన ఇనప కమ్మీలు ఊడిపోలేదని పట్టుకుని చూడాలి. తిరుగు దారిలో మేనత్త ఇంట్లో ఓ గ్లాసు టీ తాగి, రెండు గంటల బస్సుకు ఆఫీసు చేరి, "అన్నియు సక్రమముగా ఉన్నవి" అని ఒక పేజీ రాసివ్వాలి.

ఆ ఒక్క పేజీ మీద అతని బతుకు ఆధారపడి ఉంది. ఆ శాఖలో అతను నాలుగేళ్లుగా తాత్కాలిక గుమాస్తా. ఆఫీసులో అతన్ని పేరుతో పిలిచేవాళ్లు లేరు. "తాత్కాలికం, ఆ కిటికీ మూయి", "తాత్కాలికం, ఆ ఫైలందుకో" అంటారు. కొండ ప్రాంతానికి జనాన్ని రప్పించమని ప్రభుత్వం గట్టిగా పట్టు పట్టడంతో వచ్చే గురువారం రాజధాని నుంచి డైరెక్టరుగారే జలపాతం చూడటానికి వస్తున్నారు. చూసి సంతోషిస్తే అతని పర్మనెంటు ఉత్తర్వు మీద సంతకం పడుతుంది. సంతోషించకపోతే నెలాఖరుతో కొలువు సరి.

వాళ్ల వంశంలో డిగ్రీ చదివినవాడు అతనొక్కడే. తండ్రి పోయాక అతన్ని చదివించింది మేనత్త. కొండవాలులో మెట్లుమెట్లుగా ఉన్న ఆవిడ బంగాళాదుంప మళ్లే అతన్ని పలకా బలపం నుంచి పట్టా దాకా మోసుకెళ్లాయి. కిందటి వానాకాలం ఆ మళ్లను ఆపి ఉంచే రాతిగోడ జారిపోయింది. అప్పట్నుంచీ అతను కనిపించినప్పుడల్లా అత్తది ఒకటే మాట. "సర్కారులో ఉన్నావు కదరా, ఓ నలుగురు మనుషుల్ని పంపు." అతనిదీ ఒకటే మాట. "చూస్తానత్తా." చూడటం తప్ప తాత్కాలిక గుమాస్తా చేయగలిగింది ఏమీ లేదు.

బస్సు దిగి చూస్తే బోర్డు నిటారుగానే ఉంది. అయితే ఉండవలసిన చోట లేదు.

బస్సు తిరిగే ఆ చదును నేలకు ఒక పక్క కొండ, ఎదురు పక్క లోయ. కొండవైపు తిరిగి నిలబడితే కుడిచేతి దారి జలపాతానికి పోతుంది, ఎడమచేతి దారి అత్త ఇంటికి పోతుంది. బోర్డును కొండ పక్కన పాతాలని, బాణం కుడివైపు చూపాలని కాగితంలో ఉంది. కొండ పక్కన గడ్డపార దిగలేదు, అంతా బండ. మేస్త్రి ఆలోచించి, ఎదురుగా లోయ పక్కన మెత్తని మట్టి చూసుకుని పాతేశాడు. బోర్డు అదే, బాణమూ అదే. చదివేవాడు మాత్రం ఇప్పుడు లోయవైపు తిరిగి చదువుతాడు. వాడి కుడిచేతి దారి తిన్నగా అత్త పెరట్లోకి పోతుంది.

అతను చూస్తూండగానే ఒక కారు వచ్చి ఆగింది, బోర్డు చదివింది, అత్త ఇంటి వైపు తిరిగింది. అతను వెనకాలే పరిగెత్తాడు.

పెరట్లో నలుగురు పట్నంవాళ్లు వరసగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరు రాళ్లు అందుకుంటున్నారు. కారులో వచ్చిన ఇద్దరు అప్పుడే చొక్కా చేతులు మడుస్తున్నారు. అత్త చీర చెంగు నడుముకు బిగించి, సగం లేచిన గోడ మీద నిలబడి ఉంది.

"రా రా. ఇవాళ ఆరుగురొచ్చారు. నిన్న తొమ్మిది మంది."

"ఎవరత్తా వీళ్లు?"

"అదేంట్రా, నువ్వు పంపిన మనుషులు నీకే తెలీదా? సర్కారు బోర్డు ఇటు చూపిస్తోంది, అందుకే వచ్చాం అంటున్నారు. పనితనం సున్నా గానీ, మాట వింటారు. ఏమయ్యా, నిన్నే, నల్లద్దాలాయనా. చదునువైపు కిందకని ఎన్నిసార్లు చెప్పాలి?"

"సారీ అమ్మా" అని నల్లద్దాలాయన రాయి తిప్పి పెట్టాడు.

"ఇంత నాజూకు మనుషుల్ని ఎక్కడ పట్టావురా? రాయి ఎత్తేముందు ఓ ఫొటో, దించాక ఓ ఫొటో. పైగా వచ్చిన ప్రతివాడూ జలపాతం ఏదని అడగడమే. పని ఎగ్గొట్టడానికి అదో వంక. గోడ అయ్యాక చూద్దురుగాని, అదెక్కడికీ పోదని చెప్తున్నా."

నల్లద్దాలాయన భార్య చెమట తుడుచుకుంటూ అతని దగ్గరకొచ్చింది. "మీరు టూరిజం వాళ్లా? చాలా బాగుందండీ మీ ఏర్పాటు. జలపాతాలు ఎక్కడైనా ఉంటాయి. పెళ్లయిన పన్నెండేళ్లలో మా ఆయన ఒకరు చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఇక్కడే చూశాను. మా చెల్లెలు వాళ్లను కూడా ఆదివారం పంపిస్తా."

అతను నోరు తెరిచాడు. ఇది పొరపాటని చెబుదామనే తెరిచాడు. అంతలో అత్త గోడ మీది నుంచి పక్కింటావిడకు వినిపించేలా అంది. "నాలుగేళ్లు పట్టింది గానీ, మా మేనల్లుడి ఉద్యోగం ఏమిటో ఇప్పటికి తెలిసింది."

తెరిచిన నోరు టీ తాగడానికి పనికొచ్చింది.

* * *

మధ్యాహ్నం ఆఫీసులో సూపరింటెండెంటుగారు మొత్తం విన్నారు. విని, లేచి వెళ్లి తలుపు మూసొచ్చారు.

"నువ్వేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు."

"గురువారం డైరెక్టరుగారు కూడా ఆ బాణమే చూసుకుని వస్తారు కదండీ. బాణం మీద కాస్త రంగు పూసి, ఎడమవైపుకు వేసేస్తే సరిపోతుంది."

"సరిపోతుందా? అది ఎవరు ఆమోదించిన బాణమో తెలుసా నీకు? కమిటీ. ఐదుగురు పెద్దమనుషులు రెండు రోజులు కూర్చుని కుడివైపని తేల్చిన బాణం. దాన్ని తాత్కాలికం గాడు ఎడమకు తిప్పుతాడా? బోర్డునే కొండ పక్కకు మార్చమని అర్జీ పెట్టు. పైకి పంపిస్తా."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"కిందటి అర్జీకి ఇంకా జవాబు రాలేదు."

"అదెప్పుడు పంపారండీ?"

"నేను గుమాస్తాగా ఉన్నప్పుడు."

అతను అర్జీ రాశాడు. స్కేలు పెట్టి పటం గీశాడు, మూడు ప్రతులు తీశాడు. దాని మీద ఆశ మాత్రం పెట్టుకోలేదు. బుధవారం దాకా జవాబు రాలేదు. బుధవారం సాయంత్రం సొంతంగా ఒక తెల్లరంగు డబ్బా, ఒక నీలంరంగు డబ్బా, ఒక కుంచె కొన్నాడు.

గురువారం తెల్లవారుతూండగా పాలవాళ్ల వ్యానులో కొండెక్కాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, కమిటీవారి బాణాన్ని నీలంరంగుతో మూసేసి, దాని మీద ఎడమవైపుకు తెల్లగా కొత్త బాణం దిద్దాడు. పరీక్షలో కూడా పక్కవాడి పేపరు చూడనివాడు, ప్రభుత్వ ఆస్తి మీద చేయి చేసుకోవడం ఇదే మొదలు. దూరంగా నిలబడి నాలుగుసార్లు చదువుకున్నాడు. లోయవైపు తిరిగాడు, ఎడమచేయి చాపాడు. జలపాతం. సరిగ్గా ఉంది. తేలికపడ్డ మనసుతో జలపాతానికి నడిచాడు.

ఎనిమిదిన్నరకు సూపరింటెండెంటుగారు జీపులో నాలుగు కుర్చీలు, ఒక బల్ల, ఒక గొడుగు వేసుకుని వచ్చారు. పది అయింది. పదకొండయింది. జలపాతం తుంపరకు కుర్చీలు, బల్ల, సూపరింటెండెంటుగారు సమానంగా తడిశారు. పన్నెండైనా డైరెక్టరుగారి జాడ లేదు.

"బోర్డు చూసుకునే వస్తారుగా?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఇప్పుడు బోర్డు సరిగ్గానే ఉంది సార్" అని, చెప్పకూడని మాట చెప్పానని అతను నాలిక్కరుచుకున్నాడు.

జీపులో కిందికి దిగి చూస్తే, లోయ పక్కన బోర్డు లేదు. ఓ గుంట మాత్రమే ఉంది. ఎదురుగా కొండ పక్కన, సిమెంటు నింపిన ఇనప పీపాలో గుంజ నిలబడి, దాని మీద బోర్డు మిలమిలలాడుతోంది. మేస్త్రి పక్కనే నీడలో కూర్చుని అన్నం తినడానికి చేతులు కడుక్కుంటున్నాడు.

"మీ అర్జీ మంజూరైందండీ" అన్నాడు మేస్త్రి సంతోషంగా. "పెద్దాయనొస్తున్నారని పైవాళ్లు మూడు రోజుల్లో తేల్చేశారు. నిన్న సాయంత్రం కాయితం నా చేతికొచ్చింది, పొద్దున తొమ్మిదికల్లా మార్చేశాం. ఈసారి బండకు భయపడలేదండీ, పీపాలో పాతాం."

అతను కొండవైపు తిరిగి నిలబడ్డాడు. తను పొద్దున స్వహస్తాలతో దిద్దిన బాణం ఎడమవైపు చూపిస్తోంది. ఎడమచేతి దారి అత్త ఇంటిది.

"బాణం ఎటుందో చూసుకోవా?" అన్నాడు నీరసంగా.

"బాణంతో మాకేం పనండీ? మీ అర్జీలో గుంజ మార్చమనే ఉంది."

"తెల్ల కారేదైనా వచ్చిందా?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"వచ్చిందండీ, పదింటికి. బోర్డు చదువుకుని అటెళ్లింది. ఇంకా తిరిగి రాలేదు."

* * *

డైరెక్టరుగారు గోడ దగ్గర ఉన్నారు. తెల్లచొక్కా మట్టిరంగుకు మారింది. రెండు చేతులా ఒక బండరాయి పట్టుకుని, ముఖం కందగడ్డలా చేసుకుని, అడుగులో అడుగు వేస్తున్నారు. డ్రైవరు మట్టి తొక్కుతున్నాడు. ఆయన వెంట వచ్చిన సహాయకుడు చిన్నరాళ్లు ఏరుతున్నాడు.

"నడుము మీద వేసుకోకయ్యా, పొట్టకానించు" అంటోంది అత్త. "అంత పొట్ట ఎందుకిచ్చాడనుకున్నావు దేవుడు? ఆఁ, అదీ. నిమ్మళంగా దించు."

ఆయన దించారు. అంత నిమ్మళంగా కాదు. రాయికీ రాయికీ మధ్య చేతి బొటనవేలు చిక్కుకుని, ఆయన ఒంటికాలి మీద రెండు చుట్లు తిరిగారు.

ముప్పై ఏళ్ల సర్వీసులో సూపరింటెండెంటుగారు నేర్చుకున్నదంతా ఆ ఒక్క క్షణంలో అక్కరకొచ్చింది. గబగబా ముందుకెళ్లి చేతులు కట్టుకున్నారు.

"సార్, దీంతో నాకెలాంటి సంబంధం లేదు. ఇదంతా ఇతని నిర్వాకం. బోర్డు పని చూసింది ఇతనే, అర్జీ పెట్టిందీ ఇతనే. ఈ పెరడు స్వయానా ఇతని మేనత్తది. నాకు మాటమాత్రం తెలియదు."

డైరెక్టరుగారు బొటనవేలు నోట్లోంచి తీశారు. "మీ ప్రమేయం ఏమీ లేదా?"

"అణువంత కూడా లేదు సార్. కావాలంటే రాసిస్తాను."

"రాసివ్వండి."

సూపరింటెండెంటుగారు కొత్తగోడ మీదే కాగితం పెట్టుకుని రాశారు. ఈ స్థలమందు జరుగుచున్న యావత్తు కార్యక్రమము సదరు తాత్కాలిక గుమాస్తా ఒక్కనిచే తలపెట్టబడి, నడపబడినదని. తాను గాని, ఆఫీసులో మరెవరు గాని ఇందులో వేలు పెట్టి ఎరుగమని. కింద సంతకం, తేదీ, ముద్రతో సహా.

అతను ఇక ఊరుకోలేకపోయాడు. ఉద్యోగం ఎలాగూ పోయింది, నిజమైనా మిగలాలనుకున్నాడు. "సార్, నేను తలపెట్టింది ఏమీ లేదు. ఇదంతా పొరపాటు. మొదట గుంజ తప్పు, బాణం ఒప్పు. పొద్దున నేను బాణం దిద్దాను. ఆ తర్వాత వీళ్లు గుంజ మార్చారు. రెండు దిద్దుబాట్లూ కలిసి మళ్లీ మొదటికొచ్చింది. అనుమతి లేకుండా రంగు వేసింది మాత్రం నేనే. అత్తా, వీళ్లెవరినీ నేను పంపలేదు. వీళ్లు కూలివాళ్లు కాదు, టూరిస్టులు. ఈయన మా డైరెక్టరుగారు."

అత్త డైరెక్టరుగారిని పైనుంచి కిందికి చూసింది. తర్వాత మేనల్లుడిని చూసింది.

"అంటే నువ్వు పంపలేదా?"

"లేదత్తా."

"మరి వచ్చినవాళ్లలో ఒక్కడూ కాదనలేదేం?"

దానికి జవాబు డైరెక్టరుగారి దగ్గర ఉంది.

"కాదనే ధైర్యం ఎవరికుందమ్మా?" అని ఆయన గోడ మీద కూర్చున్నారు. "ఏడాదికి నలభై జలపాతాలు చూస్తాను. అన్నిచోట్లా తడిసిన కుర్చీలు, తడిసిన సూపరింటెండెంట్లు. ఇరవై ఏళ్లలో నేను చేశానని వేలు పెట్టి చూపించగలిగిన పని ఇదిగో, ఈ మూడు అడుగుల గోడ. వేలు కూడా నిజంగానే పెట్టాను." అని సహాయకుడి వైపు తిరిగారు. "ఆ పర్మనెంటు కాగితం తియ్యి."

"సార్, నేను చెప్పింది..." అన్నాడు అతను.

"నువ్వు చెప్పింది విన్నాను. నోటిమాటను ఫైల్లో ఎలా పెట్టమంటావు? మీ సూపరింటెండెంటు రాసిచ్చింది ముద్రతో సహా ఉంది." సూపరింటెండెంటుగారి కాగితాన్ని ఆధారంగా జతచేసి, మట్టిచేత్తోనే సంతకం పెట్టారు.

సూపరింటెండెంటుగారు తాను రాసిన కాగితం వైపు, ఊరు దాటిపోతున్న బస్సును చూసినట్టు చూస్తూ నిలబడ్డారు.

"సంతకాలయ్యాయా?" అంది అత్త. "అయితే ఆ తడిసినాయన ఖాళీగా ఉన్నాడు, చిన్నరాళ్లు అందుకోమను."

* * *

నెల తిరిగేలోగా గోడ పూర్తయింది. జనం రావడం మాత్రం ఆగలేదు. వచ్చినవాళ్లు ఎత్తడానికి రాళ్లు లేక చిన్నబుచ్చుకుని పోతున్నారని ఫిర్యాదులు వెళ్లాయి. పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సందర్శకుల సౌకర్యార్థం సదరు గోడను ప్రతి సోమవారం మూడు అడుగుల మేర పడగొట్టించి సిద్ధంగా ఉంచవలెను.

అతను దాన్ని అత్తకు చదివి వినిపించాడు. ఆవిడ దుంపలు తవ్వుతూనే విన్నది.

"నీ ఉద్యోగం ఇప్పుడు పర్మనెంటే కదరా?"

"పర్మనెంటే అత్తా."

"నా గోడ కూడా పర్మనెంటేనని రాసి పంపు. రాళ్లే కావాలంటే, పై మడిలో ఏరేసే రాళ్లు బోలెడున్నాయి, అటు పంపు."

అతను అలాగే రాసి, మూడు ప్రతులు పైకి పంపాడు. జవాబు వచ్చేదాకా బోర్డును, బాణాన్ని ఎవరూ ముట్టుకోరాదని ఆఫీసులో నోటీసు అంటించారు. ఆ తర్వాత జలపాతం సంగతి ఎవరూ అడగలేదు.