ఆరు నిమిషాల బెకెట్ వరస

ఆదివారం పొద్దున దాణా కొట్టు తలుపు తీస్తూనే ఆల్థియా థర్లో లెక్క వేసుకుంది. మధ్యాహ్నం రైతు సంఘం వాళ్ల గ్రేంజ్ హాల్లో కాంట్రా అనే జంటల నృత్యం, మూడు గంటల సేపు. మైకు ముందు నిలబడి జంటలను వరసల్లో నిలబెట్టి, అడుగులు చెప్పాల్సింది తనే. నేర్పడానికి పట్టే ప్రతి నిమిషమూ నాట్యంలోంచి తరుగు. పైగా కొత్తగా వచ్చినవాళ్లు కొత్త కొనుగోలుదారుల్లాంటివాళ్లు. మూడు నిమిషాలు ఊరికే నిలబెడితే గుమ్మం వైపు చూస్తారు.

సంఘం పెద్ద ఎవరెట్ పింకమ్ షరతు ముందే పెట్టాడు. విరామంలో ఆపిల్ పై అనే తీపి వంటకం తినే వేళకు కొత్తవాళ్లలో సగం మందైనా మిగలాలి. మిగిలితే ఈ శీతాకాలమంతా మైకు ఆమెదే. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటారు. ఆ మైకు కోసం ఆమె పదకొండేళ్లుగా ఎదురుచూస్తోంది.

కొత్తవాళ్లు పద్దెనిమిది మంది వచ్చారు. మొదటి నృత్యం సాఫీగా నడిచింది. రెండోదానికి ఆమె బెకెట్ వరస ఎంచుకుంది. మామూలు వరసలోలా ఎదురెదురుగా కాక, అందులో జోడీ విడిపోకుండా పక్కపక్కనే నిలబడుతుంది కనుక కొత్తవాళ్లకు ధైర్యం. నేర్పడమూ చవకే: మామూలు వరసలో నలుగురేసి గుండ్రంగా చేతులు పట్టుకుని, ఎడమకు ఒక్క చోటు జరిగితే చాలు.

"ఇప్పుడు బెకెట్" అని ఆమె చీటీలోకి చూసింది. ఆ పేరు వినగానే పాతవాళ్లు తమ నలుగురిలోని కొత్తవాళ్లను కూడా లాక్కుని జరిగిపోయారు. చెప్పకముందే చేసెయ్యడం వాళ్ల గౌరవం. ఆమె తలెత్తి, అందరినీ ఎడమకు ఒక చోటు జరగమంది. పాతవాళ్లలో సగం మంది మైకుకు మర్యాదగా మళ్లీ జరిగారు. మిగతా సగం కదలకుండా నిలబడి పక్కవాళ్లను కసిరారు. పొరపాటు గ్రహించి, జరిగినవాళ్లను ఒక చోటు వెనక్కి రమ్మంది. ఒకసారైనా జరగనివాళ్లు ఎవరూ లేరు కనుక అందరూ వచ్చారు.

"నువ్వు కదలకు బాబూ. ముప్పై ఏళ్లుగా ఇక్కడే నిలబడుతున్నాను" అన్నాడు పాతవాళ్లలో ఒకడైన హాలిస్, ఎదుట ఉన్న కొత్తవాడు, ప్లంబరు రాయిస్‌తో.

"నేను కదల్లేదండీ. మీరే నా చుట్టూ తిరుగుతున్నారు."

రాయిస్‌ను ఒకావిడ ఎడమకు లాగుతోంది, ఇంకొకాయన కుడికి నెడుతున్నాడు, మూడో ఆవిడ భుజాలు వదులుగా ఉంచుకోమని చెబుతోంది. జోడీ పక్కనే ఉన్నవాళ్లు చెయ్యెత్తండి అంది ఆల్థియా. చెయ్యెత్తడానికి అందరూ పట్టుకున్న చేతులు వదిలేశారు. మళ్లీ పట్టుకునేసరికి నలుగురు ఉండాల్సిన చోట ఐదుగురు, ముగ్గురు తేలారు. ఎవరెట్ గడియారం చూశాడు. ఆరు నిమిషాలు. ఇద్దరు కొత్తవాళ్లు గుమ్మం దగ్గర తగిలించిన తమ కోట్ల వైపు నడిచారు.

ఫిడేలు వాయించే ఆరిన్ విసుగెత్తి పాట ఎత్తుకున్నాడు. పాట వస్తే ఆ ఊళ్లో కాళ్లు ఆగవు. దొరికిన చేతులు పట్టుకుని హాలంతా ఎడమకు తిరిగింది. తిరుగుతూనే సర్దుకుని, చివరికి బయలుదేరిన మామూలు వరసలోనే వచ్చి ఆగింది. కోట్ల దగ్గరి ఇద్దరూ ఏం జరుగుతోందో చూద్దామని వెనక్కొచ్చారు. ఆల్థియా చీటీ పక్కన పడేసి, కంఠతా వచ్చిన సులువైన నృత్యం ఒకటి చెప్పేసింది.

విరామంలో లెక్కపెడితే కొత్తవాళ్లు పదిహేడు మంది మిగిలారు. ఎవరెట్ నమ్మలేక రాయిస్‌ను కారణం అడిగాడు.

"వేరే ఊళ్లో నృత్యానికి వెళ్లి చూశానండీ. అక్కడ ఏమీ తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ఇక్కడ ఎవరికీ తెలియదు. హాయిగా ఉంది."

హాలిస్ చెంచా కింద పెట్టాడు.

సంఘం అక్కడికక్కడే మైకు ఆల్థియాకిచ్చింది. ప్రతి ఆదివారం రెండో నృత్యానికి ఇదే గందరగోళం, ఇదే ఆరు నిమిషాలు జరిపించాలని షరతు. జనం అడిగిన సరుకు కొట్లో పెట్టడం ఆమెకు కొత్తేమీ కాదు, సరేనంది.

మూడో వారానికల్లా పాతవాళ్లు ఆ గందరగోళాన్ని ఒక్క తప్పు కూడా లేకుండా చెయ్యడం నేర్చేసుకున్నారు.