తప్పంతా గొట్టానిదే

వాయిద్యాల కొట్లు లేకపోతే సంగీతకారులంతా తమను తాము తెలుసుకుని మంచం పట్టేవారు. పాఠకులారా, ఆ కొట్లు చల్లగా ఉండాలి!

నాటకశాల బ్యాండులో క్లారినెట్ వాయించే ఒకాయన సంగతే చూడండి. ఆయన స్వరం, మూసిన తలుపు అవతల నుంచి ఎవరో పిలిచినట్టు సన్నగా వస్తుంది. తెలివితక్కువవాడైతే ఏం చేస్తాడు? ఊపిరి ఎక్కడ బిగుసుకుంటోందో వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటలో లోపలి నుంచి ఏమేం బయటపడతాయో ఎవరికి తెలుసు? ఈయన వివేకి. పెదవికి తగిలే రెల్లు బద్ద, అదే రీడ్, మార్చాడు. మౌత్‌పీస్ మార్చాడు. రీడ్‌ను పట్టి ఉంచే బిగింపు మార్చాడు. మార్చిన ప్రతిసారీ స్వరం నిండుగా వినిపించింది, ఆయనకు.

"ఎలా ఉంది?" అని భార్యను అడిగేవాడు.

"మీరు వాయించినట్టే ఉందండీ," అనేది ఆవిడ, బట్టలు మడతపెడుతూ.

చెవులు మార్పించే వీలుంటే ముందు ఆవిడవే మార్పించి ఉండేవాడు.

ఇంతలో ఆయన ఏళ్లుగా ఆశపడుతున్న మొదటి క్లారినెట్ సీటు ఖాళీ అయింది. పోటీకొచ్చింది పక్కసీటు బుగ్గలాయన. పరీక్ష తెర వెనక. వాయించేదెవరో బ్యాండు మాస్టరుకు కనబడదు.

"గురూ, నీ క్లారినెట్ ఓసారి ఇస్తావా? నాది గాలి లీకవుతోంది," అన్నాడు మనవాడు.

"తీస్కో. మరి నేనేది ఊదను?" అన్నాడు బుగ్గలాయన.

"నాదే."

"లీకవుతోందన్నావుగా?"

"నీకేం పర్లేదులే. ఆ బుగ్గల్లో స్టాకుంది."

న్యాయంగా చెప్పాలంటే క్లారినెట్ చేసే చెక్కకూ చెక్కకూ తేడా ఉంది. ఎరువు తెచ్చుకున్న క్లారినెట్‌లో కింది స్వరాలు బరువుగా, పై స్వరాలు తేలిగ్గా పలికాయి. కానీ ప్రతి స్వరానికీ ముందు, లోపలికి రావచ్చా అని అడిగినట్టు ఓ చిన్న సంకోచం. అది చెక్కది కాదు. తరువాత బుగ్గలాయన, లీకయ్యే ఆ గొట్టంలోకి, సొంతింట్లో తిరిగినట్టు హాయిగా ఊదాడు.

ఎవరు ముందు వాయించారో, ఎవరు తరువాతో మాస్టరు తెర ఇవతలి నుంచే ఇట్టే చెప్పేశాడు. సీటు బుగ్గలాయనకిచ్చాడు.

"ఆ గొట్టానికి నా మీద కక్ష," అన్నాడు మనవాడు ఇంటికొచ్చి. "వాడి చేతిలో ఎంత బాగా పలికిందో తెలుసా? ఇన్నాళ్లూ కావాలనే దాచుకుంది."

"ఇంక మార్చడానికేం మిగిలిందండీ?"

నిజమే, ఆఖరికి క్లారినెట్టే మార్చి చూశాడు. మిగిలింది ఒక్కటే. దాని పేరు గొంతుదాకా వచ్చి, అలవాటు ప్రకారం అక్కడే ఆగిపోయింది. ఆయన గదంతా కలియజూశాడు. చూపు వచ్చి భార్య మీద నిలిచింది.

"నా వంక చూడకండి," అందావిడ.