వైస్ ప్రిన్సిపాల్ తలుపు మూసుకున్న వేళ

ఆ ఉదయం వైస్ ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఉన్నది ఒకటే పని. వచ్చిన రెండు డాక్టరేట్ సీట్లలో ఒకదాన్ని మధ్యాహ్నం లోపు ఖాయం చేసుకోవాలి. పాఠశాల నిర్వహణలో డాక్టరేట్ లేనిదే ప్రిన్సిపాల్ కుర్చీ కలలో మాట. ఒక సీటు ఇదే ఊళ్లో, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చదవచ్చు. రెండోది దూరాన, మూడేళ్లు సెలవు పెట్టి పోవాలి. మంచి గురువులున్నది మాత్రం అక్కడే. ఎటూ తేల్చుకోలేక, కాసేపు ప్రశాంతంగా ఆలోచిద్దామని గది తలుపు మూసుకుంది. చేసిన పొరపాటల్లా అదే.

ఆ బడిలో ఆవిడ తలుపు మూసేది తనిఖీకి ముందు, ఫైళ్లు సర్దేటప్పుడు మాత్రమే. మూసిన తలుపు చూసిన అటెండరు, తనిఖీ వస్తోందని సైన్సు మాస్టారి చెవిన వేశాడు. ఆయన ఆదరాబాదరాగా ల్యాబు కడిగించాడు. ఆ నీళ్లు మెట్ల మీదుగా కింద ఉన్న లైబ్రరీలోకి దిగాయి. లైబ్రేరియన్ లబోదిబోమంటూ పుస్తకాలన్నీ తెచ్చి గ్రౌండులో ఆరబెట్టింది. అక్కడే డ్రిల్లు మాస్టారు బడి మొత్తాన్నీ వరసల్లో నిలబెట్టడంతో, పిల్లలు పుస్తకాలు తొక్కకుండా గెంతడం మొదలుపెట్టారు.

గోల విని ఆవిడ బయటికొచ్చింది. తనిఖీ లేదు గినిఖీ లేదు మొర్రో అని మొత్తుకుంది. ప్రతి తనిఖీకి ముందూ ఆవిడ ఇలాగే బుకాయించేది. అందుకని "అర్థమైంది మేడమ్, మేం ఎవరికీ చెప్పం" అన్నాడు సైన్సు మాస్టారు గొంతు తగ్గించి. ఇక ప్రిన్సిపాల్‌గారికి తనిఖీ మాట వినగానే అలవాటు ప్రకారం బీపీ పెరిగింది. వెనక గేటు గుండా ఇంటికి పోయారు.

ఏం చేస్తుంది, ఖర్మ! నీళ్లు తోడించి, పుస్తకాలు తిరగేయించి, పిల్లల్ని తరగతులకు తోలేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. తడిసిన కుచ్చిళ్లతో గదిలోకొచ్చి కంప్యూటర్ ముందు కూలబడింది. గడువు ముగియవస్తోంది. ఆవిడ ఓపిక ఎప్పుడో ముగిసింది. ఊళ్లోదే నయం, ఏదో ఒకటి ఏడుద్దాం అనుకుని దాని మీద నొక్కబోతుండగా ఫోను మోగింది. ప్రిన్సిపాల్‌గారు.

"వెళ్లిపోయారా అమ్మా వాళ్లు?"

"ఎవరూ రాలేదు సార్. డాక్టరేట్ ఎక్కడ చేయాలో ఆలోచిద్దామని తలుపేసుకున్నాను, అంతే."

అవతల హమ్మయ్య అన్న నిట్టూర్పు. "దానికంత ఆలోచనెందుకమ్మా? ఊళ్లోదే చెయ్యండి. మీరు లేకపోతే ఈ బడి నేను నడపాలి."

ఆవిడ ఒక్క క్షణం ఫోను వంక చూసింది. తర్వాత దూరపు సీటు మీద నొక్కింది.

మర్నాడు ఆవిడ మూడేళ్ల సెలవు చీటీ అందుకున్న ప్రిన్సిపాల్‌గారి గది తలుపు మూసి ఉంది. తనిఖీ అని ఎవరూ అనుకోలేదు.