సంచిలో పడిపోయిన తొమ్మిది మంది

ఎనిమిదింటికి తొమ్మిది మంది పెద్దవాళ్లు పదిహేను నిమిషాలు నడుస్తారు. ఎనిమిదిన్నరకి ఆ నడక లెక్కలొస్తాయి. తొమ్మిదింటికి డాక్టరు వచ్చి, చూసి, సంతకం పెడతాడు. కోడలు ఈ మూడు ముక్కలూ కాగితం మీద రాసి అద్దానికి అంటించి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆరో అంతస్తు నుంచి కింది హాలుకు దిగింది.

ఆమె పని ఫోన్ యాప్‌లకు తెరలు గీయడం. ఏడు నెలలుగా ఒకే యాప్ గీస్తోంది. అరవై ఐదు దాటినవాళ్లచేత వ్యాయామం చేయించే యాప్ అది. అక్షరాలు పెద్దవి. మీటలు రెండే, పచ్చది, ఎర్రది. అందులో గొంతు ఒక్కో మాటా విడిచి విడిచి పలుకుతుంది. ఫోన్ దబ్బున పడి ఆ తర్వాత కదలకపోతే, మనిషే పడ్డాడని అనుకుంటుంది. "మీరు పడిపోయినట్టున్నారు. కంగారు పడకండి. క్షేమంగా ఉంటే పచ్చ మీట నొక్కండి" అంటుంది. నిమిషంలో నొక్కకపోతే ఇంట్లోవాళ్లకు, వాచ్‌మన్‌కు, కోడలి లాప్‌టాప్‌కు కబురు వెళుతుంది. ఆ నిమిషంలో యాభై సెకన్లు ఆ మూడు మాటలు పూర్తి కావడానికే సరిపోతాయి.

పరీక్షకు ఆమె తాముండే భవనంలోనే తొమ్మిది మందిని పోగుచేసి, కంపెనీ ఇచ్చిన ఫోన్లు పంచింది. అందులో అత్తగారు ఒకరు. మేనేజరు షరతు ఒకటే. తొమ్మిది మందీ ముప్పై రోజులూ నడవాలి. ఒక్కరు ఒక్కరోజు మానినా యాప్ మూత పడుతుంది, కోడలి కుర్చీ ఖాళీ అవుతుంది.

ఆ రోజు ముప్పయ్యోది. తెల్లారకముందే వాన పట్టుకుంది.

ఎనిమిదింటికి లెక్కల మాస్టారి గుమ్మం ముందు తొమ్మిది మందీ చేరారు. అందరూ ఆరో అంతస్తు, అయిదో అంతస్తు వాళ్లే.

"ఇరవైతొమ్మిది రోజులు నడిచాం. ముప్పైలో ఒకటి పోతే నూటికి మూడు పాళ్లు తగ్గుతుంది. అంతేగా!" అన్నారు మాస్టారు.

"మీకు మూడు పాళ్లు. మా కోడలికి మొత్తం పోతుంది," అంది అత్తగారు.

"అలాగని ఈ వానలో జారిపడమంటారా, అక్కయ్యగారూ? నా నడుం కుట్లు వేస్తే అతికే సరుకు కాదు," అన్నాడు దర్జీ.

అత్తగారు ముప్పై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. ఒకేసారి నూటయాభై లైన్లు చూసిన మనిషి. ఆమె లోపలికెళ్లి గుడ్డసంచి తెచ్చి, నోరు తెరిచి పట్టుకుంది.

"ఫోన్లు ఇందులో పడెయ్యండి. కింద సెల్లారులో వాన పడదు. అందరి నడకా నేనే నడుస్తాను. తొమ్మిది నాకో లెక్కా?"

"ఇది తప్పు కాదూ?" అన్నారు మాస్టారు, ఫోన్ సంచిలో వేస్తూ.

సెల్లారులో నడక బాగానే సాగింది. నూరు అడుగులకోసారి సంచిలోంచి తొమ్మిది గొంతులు "శ... భా... ష్" అన్నాయి. ఎనిమిదిన్నరకు రెండు మూడు నిమిషాల ముందు ఆమెకు గొంతెండింది. సంచి ఒక స్కూటరు సీటు మీద పెట్టి, మంచినీళ్లకని లిఫ్టెక్కి పైకి వెళ్లింది. స్కూటరు సీటు నున్నటిది. సంచి జారి నేల మీద పడింది. తొమ్మిది ఫోన్లూ తొమ్మిది మంది పడ్డారని నమ్మాయి. కంగారు పడవద్దని నిదానంగా చెప్పాయి. పచ్చ మీట నొక్కడానికి అక్కడ స్కూటరు తప్ప ఎవరూ లేరు.

కింది హాల్లో డాక్టరు అరగంట ముందే వచ్చి కూర్చున్నాడు. లాప్‌టాప్ కుయ్యిమంది.

"ఏమిటమ్మా ఆ ఎర్ర చుక్క?"

"ఎవరో పడిపోయారు సార్... ఒకరు కాదు, తొమ్మిది."

"తొమ్మిది మందీనా? ఎక్కడ?"

"సెల్లారులో. అందరూ ఒకే చోట."

"ఒకే చోటంటే?"

"ఒకరి మీద ఒకరు," అంది కోడలు. అప్పటికే ఆమె చెప్పులు లేకుండా తలుపు దాటింది.

వాచ్‌మన్‌కు ప్రమాదమప్పుడు చెయ్యవలసిన పనులు రెండే నేర్పారు. మొదటిది, లిఫ్టు ఆపెయ్యడం. రెండోది, ఇంటర్‌కమ్‌లో అన్ని అంతస్తులకూ చెప్పడం. రెండూ చేశాడు. "సెల్లారులో తొమ్మిది మంది ముసలివాళ్లు పడిపోయారండీ! ఎవరో తెలీదండీ!"

ఆరో అంతస్తులో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"పాపం, ఎవరి కన్నవాళ్లో! ఈ వానలో ఎవరు బయటికి పంపారో!" అన్నాడు దర్జీ.

"మాటలు తరవాత. మంచం ఆ కొస పట్టుకో," అన్నారు మాస్టారు.

"సెల్లారులోనా? అయ్యో, నా సంచి!" అంది అత్తగారు. చేతిలో నీళ్ల గ్లాసు అలాగే ఉంచుకుని అందరికంటే ముందు మెట్లు దిగింది.

వెనక మడతమంచంతో మాస్టారూ దర్జీ, దుప్పట్లతో ముగ్గురు, మందుల పెట్టెతో ఒకరు, ఏమీ దొరకక గొడుగుతో ఇద్దరు. ఆపేసిన లిఫ్టులో చిక్కుకుని ఆలస్యంగా మెట్ల దగ్గరకు చేరిన కోడలికీ డాక్టరుకీ వాళ్లు ఎదురొచ్చారు.

"తప్పుకోండి, తప్పుకోండి! కింద మనుషులు పడిపోయారు!" అని అరిచారు మాస్టారు.

కోడలు ఆయన్ని ఎగాదిగా చూసింది. "మాస్టారూ, ఆ పడిపోయింది మీరే."

"ఇంకా లేదమ్మా," అన్నారాయన, దారి వదలమన్నట్టు మంచం ఊపుతూ.

సెల్లారులో స్కూటరు పక్కన సంచి మోగుతోంది. కొడుకులు, కూతుళ్లు, ఒక అల్లుడు వరసగా చేస్తున్నారు. అత్తగారు మెట్టు మీద కూలబడి ఒక్కో ఫోనూ తీసింది. "మీ నాన్న క్షేమం, మంచం మోస్తున్నారు. లైన్లో ఉండండి... మీ అమ్మగారా? ఇదిగో, గొడుగుతో నిలబడ్డారు. పెట్టెయ్యండి..." మూడు నిమిషాల్లో తొమ్మిది లైన్లూ తెగ్గొట్టింది.

డాక్టరు సంచి వంక చూశాడు. "ఇవాళ నడిచిందెవరు?"

దర్జీ గొడుగు వెనక్కి జరిగాడు.

"లైను సరిగ్గా లేదు. మళ్లీ అడగండి," అంది అత్తగారు.

"సగటు తీస్తే..." అని మొదలుపెట్టారు మాస్టారు.

కోడలికి విషయం అర్థమైంది. ఊరుకుంటే కుర్చీ మిగిలేట్టుంది. సంచి చేతిలోకి తీసుకుంది.

"మా అత్తయ్య తప్ప ఎవరూ నడవలేదు సార్. అందరి ఫోన్లూ ఆవిడే మోసింది. షరతు తప్పింది. అలాగే రాసుకోండి."

"అమ్మాయ్, నీ కోసమే కదే!" అంది అత్తగారు.

"తెలుసత్తయ్యా. అందుకే తిట్టడం లేదు."

డాక్టరు ఫైలు తెరిచాడు. "షరతు మీ మేనేజరుది. నేను సంతకం పెట్టాల్సింది వీళ్ల కాళ్లు బాగుపడ్డాయా లేదా అన్న దానికి. నెల కిందట ఇదే భవనంలో వీళ్లను పరీక్షించాను. ఈయన ఒక్క అంతస్తు దిగడానికి రెండుసార్లు కూర్చున్నాడు. ఇవాళ ఆరంతస్తులు దిగాడు, మంచంతో. నన్ను తోసేశాడు కూడా."

"క్షమించాలి," అన్నారు మాస్టారు.

"అక్కర్లేదు. అదే రాస్తున్నాను." డాక్టరు సంతకం పెట్టి, ఫైలు కోడలి చేతికిచ్చాడు. "ఆ గొంతును మాత్రం కాస్త తొందరగా మాట్లాడమనమ్మా. పడ్డవాడు లేచి ఇంటికెళ్లినా ఇంకా కంగారు పడకండి అంటూనే ఉంటుంది."

మేనేజరు ఆ సంతకం చూసి షరతు మాట మళ్లీ ఎత్తలేదు. సాయంత్రానికి యాప్ కూడా తన నివేదిక పంపింది. ఉదయం తొమ్మిది మందీ సెల్లారులో పడి ఉన్నారు, ఒక్కరూ ఒక్క మెట్టు కూడా దిగలేదు.