గండికి సరైన ఇంగ్లీషు

ఒక పెద్ద అడవిలో చెరువొకటి ఉండేది. చెరువుకో గట్టు, గట్టుకో ఆఫీసు, ఆఫీసుకో హెడ్‌గుమాస్తా. చెరువు వానాకాలంలో మాత్రమే నిండేది గాని, ఆఫీసు పన్నెండు నెలలూ నిండుగానే ఉండేది. హెడ్‌గుమాస్తా నక్క.

గట్టు దిగువన ఒక బొరియలో ముళ్ళపంది చుక్కమ్మ కాపురం. మొగుణ్ణి కిందటేడు చిరుత ఎత్తుకుపోయింది. ముగ్గురు పిల్లలు. వాళ్ళ ముళ్ళింకా గట్టిపడలేదు. గట్టిపడకుండా బయటికి తీస్తే గద్దకో తోడేలుకో ఫలహారమే. అంచేత ఇంకో నెలన్నర పాటు ఆ బొరియే దిక్కు.

శ్రావణంలో ఒక పొద్దున బొరియ వెనకగోడ చెమ్మగిల్లింది. చుక్కమ్మ పైకెక్కి చూస్తే గట్టులోంచి నీళ్ళు ఊరుతున్నాయి. నాలుగు తట్టల మట్టేసి తొక్కితే తీరిపోయే పని. తనే వేసేది కూడా. కానీ గట్టు సర్కారుది. అనుమతి లేకుండా దానిమీద గుప్పెడు మట్టి వేసినందుకు ఆమధ్య ఒక పందికొక్కుని తొమ్మిది రోజులు ఆఫీసు ముందు ఒంటికాలి మీద నిలబెట్టారు. ఇక చేసేదేముంది, అర్జీ పెట్టుకోవడమే.

ఆ ఆఫీసులో అర్జీ ఇంగ్లీషులోనే ఉండాలి. ఈ ఏర్పాటు నక్కది. పెండింగు కాగితాలు లేని ఆఫీసుకి సింహం ఏటా ఒక షీల్డు ఇచ్చేది. దానికోసం నక్క పనులు చేసి కూడా చూసింది. ఒకరోజంతా చేసింది పాపం, కాగితాలు తరగలేదు. అప్పుడే పట్నంలో ఒక బడి వరండాలో అయిదేళ్ళు పంజరంలో వేలాడిన చిలుక అడవికి తిరిగొచ్చింది. దానికి ఇంగ్లీషు మాటలే కాదు, మాటకీ మాటకీ మధ్య తేడా కూడా తెలుసు. నక్క దాన్ని పదాల సలహాదారుగా వేసుకుంది.

"మాట తప్పయితే అర్జీ తిప్పి పంపుదాం. తిప్పి పంపింది పెండింగు కిందికి రాదు" అంది నక్క.

ఆరోజు నుంచి ఆఫీసులో ఒక్క కాగితం మిగల్లేదు, అడవిలో ఒక్క పనీ జరగలేదు.

చుక్కమ్మ ఆఫీసు అటెండరు తాబేలు చేత రాయించుకుంది. గట్టుకి లీకేజీ ఉందనీ, మట్టి వేయించమనీ. చిలుక తల పక్కకి వాల్చి చదివింది.

"ఏమ్మా, నీళ్ళు ఊరుతున్నాయా, కారుతున్నాయా?"

"ఊరుతున్నాయి బాబూ."

"ఊరితే సీపేజీ. కారితే లీకేజీ. సీపేజీ మూడో టేబులు, లీకేజీ అయిదో టేబులు. రెండూ కలిపేస్తే అడవి ఏం గాను?"

"పిల్లలు తడిసిపోతున్నారయ్యా. ఏ టేబులైతేనేం, నాలుగు తట్టలు మట్టి…"

"తిప్పి పంపు. పదిరోజులయ్యాక కొత్తది పెట్టుకోవచ్చు" అంది నక్క, ముద్ర కొడుతూ.

పదిరోజులూ పిల్లల్ని ఎండుటాకుల పరుపు మీద ఒకరి పక్కన ఒకర్ని సర్ది, తను తడినేల మీద పడుకుని, చుక్కమ్మ సీపేజీ అని రాయించి పట్టుకెళ్ళింది. చిలుక ఈసారి తనిఖీకి కూడా ఎగిరింది. అప్పటికి గట్టులోంచి వేలిలావు ధార పడుతోంది.

"ఇది కారుతోంది గదమ్మా! సీపేజీ అని ఎలా రాశావు? ఆఫీసుకి తప్పుడు సమాచారమా?"

"మీరు తిప్పి పంపినప్పుడు ఊరేది బాబూ. ఆ తరవాత కారడం మొదలెట్టింది."

"నీళ్ళు మనసు మార్చుకుంటే ఆఫీసుదా బాధ్యత?"

ఆఫీసుకి తిరిగొచ్చాక నక్క మళ్ళీ తిప్పి పంపే ముద్రే కొట్టింది, ఇంకో పదిరోజుల గడువుతో. చుక్కమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. అయినా అవసరం తనది. చేతులు జోడించి, దిగమింగుకుని బయటికొచ్చింది. తాబేలు వెనకాలే వచ్చి చెవిలో చెప్పింది.

"అమ్మాయ్, నువ్వు ఉన్నది రాస్తున్నావు, అందుకే తిప్పలు. పదిరోజులకి ఏమవుతుందో అది రాయించుకో."

"ఏమవుతుంది బాబాయ్?"

"గండి. దాన్ని బ్రీచి అంటారు."

గడువు తీరగానే చుక్కమ్మ బ్రీచి అని రాయించి తెచ్చింది. చిలుక కిటికీలోంచి చూసింది. గట్టు నిలబడే ఉంది.

"ఎక్కడమ్మా గండి? ఇది పుకారు. పుకార్లకి వేరే సెక్షనుంది, జాగ్రత్త!"

ఈసారి నక్క అర్జీ తిప్పి పంపలేదు. ఎందుకైనా మంచిదని దాచిపెట్టుకుంది.

ఆ మూడోనాడే షీల్డు పండగ. సింహం స్వయంగా వస్తోంది. సభకి చదునుగా ఉంటుందని గట్టు కిందనే పందిరి వేశారు. నక్క మెళ్ళో పూలదండ, చేతిలో షీల్డు. ఎనిమిది నెలల్లో ఒక్క కాగితం కూడా పెండింగు లేదని చిలుక చదువుతూ ఉండగానే గట్టు తెగింది.

చుక్కమ్మ అక్కడ లేదు. బొరియలోకి నీళ్ళు ఎగదన్నడం చూసి, పిల్లల్ని ఒక్కొక్కర్నే నోట కరుచుకుని మిట్టమీదికి చేరుస్తోంది. మూడోవాణ్ణి తెచ్చేసరికి వాడు బిగుసుకుపోయి ఉన్నాడు. రాతిమీద బోర్లా వేసి వీపు నొక్కింది. నొక్కుతూనే ఏడ్చింది. గుక్కెడు నీళ్ళు కక్కి వాడు కుయ్యిమన్నాక, అప్పుడు వెనక్కి చూసింది. బొరియ లేదు.

అవతల పందిరి కొట్టుకుపోయింది. సింహం జూలు నుంచి నీళ్ళు కారుతుండగా బండమీద నిలబడింది.

"ఏమిటయ్యా ఇది?"

నక్క తడిసిన పూలదండ తీసి వెనక దాచుకుంది. చెట్టుకొమ్మ మీంచి చిలుక అందుకుంది.

"ప్రభూ! తొందరపడి దీన్ని బ్రీచి అనకూడదు. గట్టు దానంతటది తెగితే బ్రీచి. అప్పుడు చూసుకోని ఆఫీసుది తప్పవుతుంది. ఎవరో తవ్వి తెంచితే కట్ అంటారు. ఇది కట్."

"ఎవరు తెంచారు?"

నక్కకి ప్రాణం లేచొచ్చింది. దాచిన అర్జీ తీసి చూపించింది. "ముళ్ళపంది చుక్కమ్మ, ప్రభూ! తవ్వే గోళ్ళున్నాయి. గట్టు కిందే కాపురం. గండి పడిందని మూడు రోజుల ముందే రాసిచ్చింది. పడకముందే ఎలా తెలిసింది?"

మర్నాడే విచారణ, మర్నాడే తీర్పు. ముద్దాయి గండిని మూడు రోజుల్లో తన చేతుల్తోనే పూడ్చాలి. మట్టి ఆఫీసు ఇస్తుంది. కాపలాకి రెండు అడవిపందులుంటాయి.

చుక్కమ్మ భోరుమంటుందని అందరూ చూస్తున్నారు. ఆమె మెల్లిగా అడిగింది. "నేనే పూడ్చుకోవచ్చా అయ్యా? ఎవరూ అడ్డం రారు గదా?"

"వస్తే వాళ్ళకీ శిక్ష పడుతుంది" అంది నక్క మీసం దువ్వుకుంటూ.

నెల్లాళ్ళుగా కాళ్ళావేళ్ళా పడి తను అడిగింది ఇదే. చుక్కమ్మ ఆ మాట పైకి అనలేదు. రెండు రోజుల్లో గట్టు కట్టేసింది, ముందున్నదాని కంటే గట్టిగా. మూడోరోజు మిగిలిన మట్టితో మిట్టమీద కొత్త బొరియ కట్టుకుంది.

వారం తిరక్కుండా ఎలుగుబంటి ఆమె గుమ్మంలోకొచ్చి కూలబడింది. దాని గుహకి అడ్డంగా సర్కారు మద్దిచెట్టు పడి నాలుగు నెలలైంది. అది అడ్డమొచ్చిన అబ్‌స్ట్రక్షనా, ఆక్రమించిన ఎన్‌క్రోచ్‌మెంటా అన్న దగ్గరే అర్జీ తిరుగుతోంది.

"అర్జీ మానెయ్ మామా. ఆ చెట్టు నేనే పడేశానని ఒప్పుకో."

"నేను పడెయ్యలేదే!"

"నేను మాత్రం గట్టు తెంచానా?"

ఎలుగుబంటి వెళ్ళి ఒప్పుకుంది. నేరస్థుడు రేపటిలోగా చెట్టు తొలగించాలని సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. నేరం ఒప్పుకున్న కాగితాన్ని మాట బాగాలేదని తిప్పి పంపే రూలు లేదు మరి. ఆ కబురు అడవంతా పాకింది. దారి పాడుచేశామని కుందేళ్ళూ, చెలమ పూడ్చేశామని దుప్పులూ, ఆఫీసు ముందు బారులు తీరాయి.

ఏడాది తిరిగి సింహం లెక్క అడిగింది. అర్జీలు సున్నా, నేరాలు తొమ్మిదివందల పన్నెండు.

"నీ ఏలుబడిలో ఇంతమంది నేరస్థులా!" అని గర్జించింది.

నక్క కాళ్ళమీద పడింది. "లేదు ప్రభూ! వాళ్ళెవరూ ఏ నేరం చెయ్యలేదు!"

"అయితే తొమ్మిదివందల పన్నెండుమంది నిర్దోషుల్ని శిక్షించావన్నమాట. పో, నీకు ఉద్యోగం లేదు!"

"ప్రభూ, డిస్మిసలా, రిమూవలా? రెంటికీ చాలా తేడా…" అని చిలుక మొదలెట్టబోయింది. సింహం పంజా ఎత్తింది. ఆ తేడా చెప్పకుండానే చిలుకా, అది వినకుండానే నక్కా అడవి దాటాయి.

ఇప్పుడక్కడ తాబేలే హెడ్‌గుమాస్తా. అర్జీ తెలుగులో పెట్టుకోవచ్చు, నోటితో చెప్పినా చాలు. అయినా అర్జీతో ఎవరూ రారు. మొన్న వానకి మిట్టమీది దారి కోసుకుపోతే చుక్కమ్మ కూడా తిన్నగా వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడింది.

"బాబాయ్, దారి నేనే కోసేశాను. శిక్ష రాయి."

నీతి: సర్కారుతో పనున్నవాడు నిర్దోషిగా ఉండకూడదు.